ఫిలా అన్న అరుగు కింద నీళ్ళు

నిప్పుకొండ పగిలిందని తెలిసిన ఆ వసంతకాలపు పొద్దున మా నుచిడ్డా పల్లెలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి పైకి చూశారు. నేను చూడలేదు. సుత్తి పట్టుకుని పెరట్లోకి వెళ్ళి మా సంపు అడుగునున్న బిరడా ఊడగొట్టాను.

ఆ చలికాలం వానలు సరిగ్గా పడలేదు. మా నల్లరాయి నేల నీటిని నిలవనివ్వదు, ఎంత పడితే అంత తాగేస్తుంది. బావులు లేవు. ఇంటి కప్పు మీద పడిన చినుకే గొట్టంలోంచి జారి సంపులో చేరాలి. మళ్ళీ ఆకులు రాలే కాలం దాకా ఆ నీళ్ళతోనే వండుకోవాలి, ఉతుక్కోవాలి, గాడిదకు పెట్టాలి. అలాంటి నీళ్ళు హేజెల్ చెట్ల మొదళ్ళ మీదుగా పారి లోయలోకి పోయాయి.

నా మొగుడు చిరీనో సగం గెడ్డం గీసుకుని, సగం సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేశావే?"

"నీళ్ళు తీసేశాను."

"ఆవిడ ఇంకా అడవి పైన ఉంది. ఇక్కడిదాకా వస్తుందో రాదో కూడా తెలీదు."

కొండను మేం పేరు పెట్టి పిలవం. ఆవిడ అంటాం, దిగివచ్చే లావాను కూడా.

"వస్తే?" అన్నాను.

"వస్తే అప్పుడు తీసేవాళ్ళం."

"అప్పుడు నువ్వు గాడిదను ముందు బయటికి లాగాలా, మీ అమ్మను ముందు లాగాలా అని ఆలోచిస్తూ నిలబడతావు. నీ సంగతి నాకు తెలీదా."

చిరీనో సబ్బు నురగ తుడుచుకున్నాడు. తిట్టడానికి మాట దొరకలేదనుకుంటాను. నాతో కాపురం చేసినన్నాళ్ళూ ఆయనకు మాటలు దొరక్కుండా చేసింది నేనే. నేను భయపడని వస్తువు ఇంట్లో లేదు. అడవి పుట్టగొడుగులంటే భయం, బస్సు బ్రేకులంటే భయం, పిల్ల మెడ మీద కొత్త పుట్టుమచ్చ కనిపిస్తే భయం. రెండేళ్ళ కిందట మనుషులు చంద్రుడి మీద దిగారని ఊరంతా టీవీ ముందు కూర్చుంటే, పైనుంచి ఏం ఊడి పడుతుందోనని నేను మంచం కింద చేరాను. కాబట్టి కొండ ఉరిమినప్పుడు ఈ వెనెరా ఏదో ఒకటి చేస్తుందని అందరూ అనుకున్నారు. నీళ్ళు పారబోస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

మా అత్తయ్య మత్తేయా మాత్రం కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, పారే నీళ్ళ చప్పుడు ఆగేదాకా విన్నది. ఆగాక, "అడుగున బురద కూడా ఊడ్చు. తడి ఉంచకు," అంది. అంతే.

మర్నాటి నుంచి బిందెలు పట్టుకుని ఫిలాదెల్ఫో అన్న ఇంటికి నీళ్ళకు వెళ్ళడం నా వంతయింది.

ఫిలా అన్న ఇల్లు మా వీధి చివర, అందరికంటే ఎత్తున ఉంటుంది. భార్య పోయాక ఆయన ఒక్కడే ఉంటున్నాడు. మా కూతురు తెక్లాకు జ్ఞానతండ్రి. అది పుట్టినప్పుడు గుడిలో దాన్ని ఎత్తుకుని తలమీద నీళ్ళు పోయించింది ఆయనే. అలాంటి చుట్టరికం మా దగ్గర రక్తం పంచుకున్నదాని కంటే గట్టిది. ఆయన ఇంటి ముందు రాతి అరుగు ఉండేది. పెళ్ళి భోజనాలు వడ్డించేంత అరుగు. దాని కింద సంపు. వాళ్ళ తాత రాయిలోకి తొలిపించాడట, లోపల అరిస్తే గుడిలో పాడినట్టు మోగుతుంది. కరువు ఏళ్ళలో మా వీధి మొత్తానికీ నీళ్ళిచ్చిన సంపు అది.

"రా చెల్లెమ్మా రా," అన్నాడు ఆ పొద్దున అరుగు మీంచి. "నిన్ను చూసి మీ ఇంట్లో నీళ్ళు కూడా పారిపోయాయటగా."

"ఒక బిందె చాలు అన్నయ్యా."

"రెండు తీసుకో. రేపు భయమేస్తే ఒకటి పారబొయ్యడానికి ఉంటుంది."

అరుగు మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆయన పైనుంచి తోడి పోస్తే నేను మెట్ల కిందే నిలబడి రెండు బిందెలూ నింపుకున్నాను. నీళ్ళ దగ్గర నాకు పౌరుషం లేదు.

ఆవిడ వచ్చింది. పరుగెత్తలేదు. మేతకు వెళ్ళిన ఎద్దు ఇంటికి నడిచినట్టు, ఎక్కడా తొందర లేకుండా, చెస్ట్‌నట్ అడవిలోంచి దిగింది. పగలు చూస్తే ఇంత ఎత్తు బొగ్గుల గుట్ట కదులుతున్నట్టు ఉంటుంది. చీకటి పడితే బొగ్గుల సందుల్లో ఎరుపు కనిపిస్తుంది. ముందు అంచు నుంచి రాళ్ళు దొర్లుతూ ఉంటే, ఎవరో పింగాణీ గిన్నెలు ఒక్కొక్కటే నేలకేసి కొడుతున్న చప్పుడు. ఆ చప్పుడు వింటూ వంట చేశాం, తిన్నాం, దుప్పట్ల మీది బూడిద దులిపి పడుకున్నాం.

కింద పట్నాల నుంచి బస్సులు రావడం మొదలయింది. ఆవిడను చూడటానికి మా వీధిలో అందరికంటే మంచి చోటు ఫిలా అన్న అరుగే. సాయంత్రమయ్యేసరికి అది నాటకాల హాలయ్యేది. జనం ఎవరి కుర్చీలు వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. మా వీధి కొంచెత్తా వేయించిన శనగల బుట్టతో ఓ మూల కూర్చునేది. ఫిలా అన్న పీపాలోంచి వైను తీసి వచ్చినవాళ్ళందరికీ పోసేవాడు. గ్లాసులు అందించేది మా తెక్లా. పద్దెనిమిదేళ్ళది, ఎర్ర స్వెట్టరు వేసుకుని ఆ అంచు నుంచి ఈ అంచుకు తిరుగుతుంటే అచ్చం ఆ కొండ కూతురే అన్నారెవరో. ఆ మాట నా చెవిన పడింది.

ఒకరోజు పొద్దుగూకే వేళ దాన్ని పిలుచుకురావడానికి వెళ్ళాను. లావా అప్పటికి బార్బరమ్మ గూటికి ఎగువన ఉంది. బార్బరమ్మ మా పునీతురాలు. ఆమె బొమ్మ ఉన్న ఆ రాతి గూడు దాటితే తర్వాతిది ఫిలా అన్న పందుల కొట్టం, దాని తర్వాత ఇల్లు, ఆ తర్వాత అరుగు.

నేను అరుగు మెట్ల దగ్గరే నిలబడిపోయాను. పైన అడుగు పెట్టలేదు.

"తెక్లా, ఇంటికి రా."

"వస్తానమ్మా. ఈ గ్లాసులు కడిగి వస్తా."

"గ్లాసులు వాళ్ళు కడుక్కుంటారు. దిగు."

"ఎందుకు? ఆవిడ అక్కడుంది, మేం ఇక్కడున్నాం. నడిచి వచ్చేదాన్ని చూసి ఎవరైనా పరుగెత్తుతారా? మొన్న నా దగ్గు విని కూడా డాక్టరు దగ్గరికి బయల్దేరావు నువ్వు."

జనంలో నవ్వులు. నేను మడమతో కింది మెట్టును తన్నాను. లోపలి నుంచి బోలు చప్పుడు వచ్చింది. సగానికి పైగా నీళ్ళున్న చప్పుడు.

"అన్నయ్యా," అన్నాను ఫిలా అన్నతో. "సంపు ఎప్పుడు తీస్తావు?"

ఆయన వైను పోస్తున్నవాడల్లా ఆగాడు. "ఎందుకు తీయాలి?"

"అది నీళ్ళ మీదికి వస్తే ఏమవుతుందో నీకు తెలీదా?"

"నా ఇంటి మీదికి వస్తే కదా. చెల్లెమ్మా, నీ మొగుడు వాళ్ళమ్మ కడుపులో ఉన్నప్పుడు కూడా వచ్చింది. ఇదే దారిన వచ్చింది. మా నాన్న ఒక్క చెంబు నీళ్ళు తీయలేదు. ఇక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బార్బరమ్మ గూటి దగ్గర ఆగిపోయింది. పోయి చూసుకో, అప్పటి రాయి ఇంకా అక్కడే ఉంది."

"అప్పుడు ఆగింది."

"ఇప్పుడూ ఆగుతుంది. సంపు తీయడమంటే ఇల్లు నీదేలే, రా అని ఆవిడను పిలవడం. మా ఇంట్లో ఎవరూ పిలవలేదు. నేనూ పిలవను." గొంతు కాస్త తగ్గించాడు. "పైగా నేను తీస్తే వేసవిలో ఈ వీధి ఏం తాగుతుంది? నీ పిల్ల ఏం తాగుతుంది?"

కొంచెత్తా నా చేతిలో గుప్పెడు శనగలు పోసి, "నమిలెయ్ వెనెరా, గుండె నిమ్మళిస్తుంది," అంది. ఆమె కాళ్ళ దగ్గర కూతురి చంటిబిడ్డ బుట్టలో నిద్రపోతోంది. ఆ బుట్ట కింద రాయి, రాయి కింద నీళ్ళు. నేను శనగలు అక్కడే మెట్టు మీద పెట్టి వచ్చేశాను.

ఇంట్లో అత్తయ్య సోంపాకు పులుసు పొయ్యి మీదనుంచి దించుతోంది.

"రానందా?"

"రానంది."

"కూర్చో."

ఇద్దరం కూర్చున్నాం. ఆమె రొట్టె కోస్తూ మాట్లాడింది. పాత విస్ఫోటం కథ ఆమె ఎప్పుడు చెప్పినా వాళ్ళమ్మ చేసిన పని గురించే చెప్పేది. లావా గుమ్మంలోకి రాబోతుంటే వాళ్ళమ్మ ఇల్లంతా ఊడ్చి, బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి, రొట్టె, వైను పెట్టి, తలుపు తీసి ఉంచి వచ్చిందట. చాలా దూరం నడిచి అలసిపోయి వచ్చేది కదా, కడుపు నిండితే అక్కడే పడుకుంటుందని. మా కొండ మీద అందరూ అలాగే చేస్తారు. ఆ రోజు అత్తయ్య ఆ సంగతి చెప్పలేదు.

"మా తమ్ముడు ఇగ్నాజియో," అంది. "ద్రాక్షతోట చూసుకునేవాడు. తోటలో గుడిసె పక్కన చిన్న సంపు ఉండేది. దాని మూత రాయి మీద ఎక్కి నిలబడితే అంచు బాగా కనిపిస్తుందని పిల్లకాయలందరూ అక్కడే నిలబడేవాళ్ళు."

రొట్టె ముక్క నా ముందుకు జరిపింది.

"అందరూ నిప్పు మండిందనుకున్నారు. నిప్పు కాదు. రాయి కింద నీళ్ళు పేలాయి."

"వాణ్ణి..."

"వాడి టోపీ దొరికింది. తిను, చల్లారిపోతుంది."

నేను తిన్నాను. ఆమె నన్ను ఏమీ చేయమని అడగలేదు. చేయొద్దని కూడా అనలేదు.

ఆదివారం నాడు బార్బరమ్మను లావా ముందుకు తీసుకుపోవాలని ఫాదర్ ప్రకటించాడు. బొమ్మను మోసే కర్రలకు ముందు భుజం ఫిలా అన్న పెడతాడు. వాళ్ళ ఇంటి హక్కు అది. చిరీనో వెనక భుజం. తెక్లా కొవ్వొత్తి పట్టుకున్న అమ్మాయిల్లో ఉంది. గంటలు మోగాయి, ఊరు ఊరంతా పాడుకుంటూ కొండవైపు ఎక్కింది. నాకు తలనొప్పి అన్నాను. ఎవరూ రెండోసారి అడగలేదు. వెనెరా భయపడిందని అందరికీ అర్థమైపోయింది.

భయపడే ఉన్నాను. అందుకే సుత్తి తీసుకున్నాను.

ఫిలా అన్న సంపు బిరడా అరుగు గోడకు దిగువన, కూరగాయల మడిలో ఉంటుంది. ఏళ్ళకోసారి సంపు కడిగినప్పుడు తప్ప ఎవరూ దాన్ని ముట్టరు. చెస్ట్‌నట్ కర్ర, గోనెగుడ్డ చుట్టి బిగించింది, నా పిడికిలికి రెట్టింపు లావుంటుంది. ముందు పక్కకు కొట్టాను. కదల్లేదు. పాటలు పై నుంచి వినిపిస్తున్నాయి. కింద నుంచి మీదికి కొట్టాను. ఈ బిరడా ఊడదు, ఊడినా చేతికి తగిలి వేళ్ళు విరుగుతాయి, విరిగిన వేళ్ళు కుళ్ళుతాయి, తెక్లా పెళ్ళికి నేను ఎడమచేత్తో వడ్డించాలి అనుకున్నాను. అనుకుంటూనే కొట్టాను.

ఊడింది. బిరడా నా చెవి పక్కనుంచి వెళ్ళిపోయింది. నీళ్ళు నా రొమ్ముకు కొట్టి నన్ను ఉల్లిమడిలో కూలేశాయి. అంత చల్లటి నీళ్ళు నా ఒంటిమీద ఎన్నడూ పడలేదు.

మడి నిండి, గట్టు తెగి, నీళ్ళు వీధిలోకి దూకాయి. కొండ ఎక్కలేక ఇళ్ళల్లో ఉండిపోయిన ముసలమ్మలు, బాలింతలు ముందు చప్పుడు విన్నారు. ఆ తర్వాత చూశారు. అంతటి కరువులో వీధి మధ్య ఏరు పారుతోంది. కొంచెత్తా గుమ్మంలోకి వచ్చి, మోకాళ్ళదాకా తడిసి, పైన నన్ను చూసింది.

"వెనెరా, నువ్వేనా?"

"పట్టుకోండి. మాటలు తర్వాత."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి లోపలికి వెళ్ళి బాల్చీ తెచ్చింది. తర్వాత గుండిగ తెచ్చింది. చూస్తూ ఉండగానే వీధిలో ఉన్న పాత్రలన్నీ బయటికొచ్చాయి. గంగాళాలు, ఉతికే తొట్లు, పూల కుండీలు. ఎవరో ఒకావిడ తలకు పెట్టుకునే టోపీతో కూడా పట్టింది. ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. ఎవరూ ఆపనూ లేదు. మా అత్తయ్య గుమ్మంలో నిలబడి, కర్రతో చూపిస్తూ, "ఆ తొట్టి ఇటు జరపండే, పక్కకు పోతున్నాయి," అని పురమాయించింది.

ఊరేగింపు దిగి వచ్చేసరికి వీధిలో తడి రాళ్ళు మిగిలాయి.

ఫిలా అన్న భుజం మీద మోత గుడ్డ అలాగే ఉంది. నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నేను తడిబట్టలతో ఆయన మడిగట్టు మీద కూర్చుని ఉన్నాను. సుత్తి ఒళ్ళో ఉంది.

"నా నీళ్ళు తాగి నా సంపు గొంతు కోశావు."

"కోశాను."

"ఇది మా తాత సంపు."

"తెలుసు."

"బార్బరమ్మ నా భుజం మీద ఉండగా, ఆమె కళ్ళముందు, నా ఇంటి మీదికి ఆవిడను పిలిచావు."

"నేనెవర్నీ పిలవలేదు అన్నయ్యా. వచ్చేది వస్తుంది. వచ్చినప్పుడు నా పిల్ల నీ అరుగు మీద ఉంటుంది. కొంచెత్తా మనవడు ఉంటాడు. నువ్వు ఉంటావు. నీళ్ళు మాత్రం ఉండకూడదు."

"వేసవిలో ఏం తాగుతావే?" వెనకనుంచి ఎవరో అరిచారు.

"గాడిదను తోలుకుని కిందికి పోతాం. దాహంతో ఏడుస్తాం. ఏడవడానికి బతికుంటాం."

చిరీనో మా మధ్యకు వచ్చాడు. క్షమించమని అడగబోతున్నాడని ఆయన వంచిన మెడ చూస్తే తెలిసిపోయింది. "ఫిలా అన్నా, ఇది ఎప్పుడూ ఇంతే, భయం దీనికి..."

"అడక్కు," అన్నాను. "నా తరఫున నువ్వు అడగొద్దు. ఆ బిరడా మళ్ళీ పెడితే మళ్ళీ కొడతాను."

అంత గట్టిగా నేను మాట్లాడటం ఆయనా అదే మొదటిసారి వినడం, నేనూ అదే మొదటిసారి వినడం.

తెక్లా కొవ్వొత్తి చేతిలో పట్టుకునే ఉంది. "నా జ్ఞానతండ్రిని వీధిలో నిలబెట్టావమ్మా," అంది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. కంచం పెడితే తినేది. పిలిస్తే పలికేది కాదు.

బార్బరమ్మ గూడు ఆ వారంలోనే పోయింది. ఆవిడ దాని దగ్గర ఆగింది, నిజమే. పాత రాయికి చెంప ఆనించి ఓ పూట నిలబడింది. ఊరంతా మోకాళ్ళ మీద కూలబడింది, నేను కూడా. తర్వాత వెనకనుంచి కొత్త ఎరుపు వచ్చి, గూడు మీదికి నెమ్మదిగా ఎక్కి, అటువైపు దిగింది.

జనం మళ్ళీ అరుగు మీద చేరారు. అప్పుడు నేను కూడా వెళ్ళాను. నీళ్ళున్నన్నాళ్ళూ ఆ రాళ్ళ మీద అడుగు పెట్టనిదాన్ని, ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని అరుగు నడిమధ్య వేసుకుని, అల్లిక సూదులు తీసుకుని కూర్చున్నాను. అందరూ నన్నే చూశారు, కొండను కాదు. సూదులు కదుపుతూనే ఉన్నాను. వరస ఎన్నిసార్లు తప్పిందో ఆ మేజోడు చూస్తే తెలుస్తుంది. వంకర పోయి అది చిరీనోకు ఇప్పటికీ ఒక కాలికే పడుతుంది.

లావా పందుల కొట్టం వెనకవైపుకు చేరిన మధ్యాహ్నం, ఫిలా అన్న ఇంట్లోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి చూశాను. భార్య ఉన్నప్పటి తెల్ల గుడ్డ బల్ల మీద పరిచి, ముడతలు అరచేత్తో సరిచేస్తున్నాడు. రొట్టె పెట్టాడు. ఆలివ్‌లు పెట్టాడు. వైను సీసా పెట్టి, గ్లాసు బోర్లించి, మళ్ళీ తిప్పి పెట్టాడు. ఊడ్చిన నేల మీద చీపురు గీతలు కనిపిస్తున్నాయి.

"నీళ్ళ కూజా లేదు," అన్నాడు నావైపు తిరక్కుండానే. "నీ పుణ్యమా అని, వచ్చేదానికి నీళ్ళు కూడా లేకుండా పెడుతున్నా."

"వైను చాలు అన్నయ్యా. ఆవిడకు నీళ్ళు పడవు."

ఆయన భుజాలు కదిలాయి. ఏడ్చాడో నవ్వాడో నాకు తెలీదు. నేను చూడకుండా తిరిగి వచ్చేశాను. ఆయన బయటికి వచ్చినప్పుడు చేతిలో గోడ మీది ఫోటో ఒక్కటే ఉంది.

అప్పటికి అరుగు మీద ఇంకా కొంతమంది ఉన్నారు. మిగిలినవాళ్ళు వీధిలోకి దిగారు. తెక్లా అరుగు అంచున, కుర్చీలు మడతపెట్టి కిందికి అందిస్తోంది. నేను మెట్ల మీద ఉన్నాను. కొట్టం గోడ ఒరిగింది, కప్పు కూలింది. అందరం చూస్తున్నాం.

కొట్టంలో పందులకు తాగడానికి ఒక రాతి తొట్టి ఉండేది. సంపు గురించి అన్ని నిద్రలు మానుకున్నదాన్ని, ఆ తొట్టి సంగతి మర్చిపోయాను. అందరూ మర్చిపోయారు.

ఫిరంగి పేలినట్టయింది. తెల్లటి ఆవిరి లేచింది. దానిలోంచి రాళ్ళు పిట్టల గుంపులాగా ఎగిరి, ఇంటి కప్పు దాటి, అరుగు మీద పడ్డాయి. ఒకటి కొంచెత్తా కుర్చీని రెండు ముక్కలు చేసింది. కొంచెత్తా మనవడి బుట్ట ఎత్తుకుని అప్పుడే లేచింది. శనగలు అరుగంతా దొర్లాయి. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

ఆవిరి చెదిరిపోయింది. కొట్టం వైపు ఎవరూ చూడటం లేదు. అందరూ తమ కాళ్ళ కింది రాళ్ళను చూస్తున్నారు.

తర్వాత ఒక్కొక్కరే, చప్పుడు చేయకుండా, గుడిలోంచి దిగినట్టు మెట్లు దిగారు. తెక్లా ఆఖరున దిగింది. నా పక్కన నిలబడింది. చూపు ఇంటి మీదే ఉంచి, నా చేతికోసం తడుముకుని పట్టుకుంది. దాని చెయ్యి చల్లగా ఉంది.

"తొట్టెడు నీళ్ళు," అంది.

"తొట్టెడే," అన్నాను.

పొద్దుగూకేముందు లావా ఇంట్లోకి వెళ్ళింది. తలుపు గుండా వెళ్ళిందని చూసినవాళ్ళు చెప్పారు. ఆ తర్వాత అరుగు మీదికి వచ్చింది. రాళ్ళు పగిలాయి. అరుగు లోపలికి కుంగింది. ఎవరో గాడిద మీంచి ఉప్పు బస్తా దించినట్టు ఒక మొద్దు చప్పుడు వచ్చింది, అంతే. ఇంకేమీ జరగలేదు. నా బతుకంతా ఏదో జరుగుతుందని భయపడ్డాను. ఏమీ జరక్కపోవడం ఎలా ఉంటుందో ఆ రోజు నిలబడి చూశాను. చూడటానికి ఏమీ ఉండదు. వీధిలో జనం అంతా నిలబడి ఉంటారు, చంటిబిడ్డ పాలకు ఏడుస్తుంది, అంతే.

ఆవిడ మా హేజెల్ తోట పైగట్టు దాకా వచ్చి అక్కడ పడుకుంది. మా ఇల్లు మిగిలింది. ఇప్పటికీ ఆ గట్టు మీద చెయ్యి పెడితే నల్లరాయే.

ఫిలా అన్నకు వెళ్ళడానికి చోటు లేదు. అత్తయ్యే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వైను పీపాలుండే గదిలో మంచం వేశాం. ఆ వేసవంతా మా ఇంట్లో నలుగురి బదులు ఐదుగురం, సంపులో చుక్క లేదు. రోజూ పొద్దున్నే నేనూ తెక్లా గాడిదను తోలుకుని కింద ఊరి కుళాయి దగ్గరికి పోయేవాళ్ళం. తెక్లా మళ్ళీ మాట్లాడుతోంది, దారి పొడుగునా మాట్లాడుతోంది. ఆవిడను చూసిన దగ్గర్నుంచి కింద పట్నంలో కొండలను చదివే బడి ఏదో ఉందని, అక్కడ చేరతానని అంటోంది. నేను వద్దనలేదు. సంపులు ఎక్కడెక్కడున్నాయో ముందు కనుక్కోమని మాత్రం చెప్పాను.

ఫిలా అన్న మారలేదు. స్నానానికి చెంబుడు నీళ్ళిస్తే చెంబు లోపలికి చూసి, "నా సంపు ఉంటే ఈపాటికి ఈదేవాణ్ణి," అనేవాడు. పులుసులో ఉప్పెక్కువైతే, "కడగడానికి నీళ్ళుంటేగా," అనేవాడు. రాత్రి భోజనాల దగ్గర ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా ఆ మాట వచ్చేది. "నువ్వు బిరడా తీయకపోయినా ఏమీ అయ్యేది కాదు. అంత లోతు నీళ్ళు నిప్పును ఆర్పేసేవి."

"అలాగే అన్నయ్యా, తిను."

"నా మాట నమ్మవు."

"నమ్మను. తిను."

చిరీనో తల వంచుకుని నవ్వుకునేవాడు. ఆ వేసవిలో మా ఇంట్లో ఆయనకు మాటలు దొరికాయి, ఎవరికీ క్షమాపణలు చెప్పాల్సిన పని లేకపోయింది కాబట్టి.

ఆకులు రాలే కాలంలో మొదటి మబ్బు పట్టిన రోజున ఫిలా అన్న పొద్దున్నుంచి పెరట్లో కూర్చుని కత్తితో ఏదో చెక్కుతున్నాడు. చెస్ట్‌నట్ కర్ర. మా సంపుకు కొత్త బిరడా. పాతది ఆ రోజు నీళ్ళతోపాటే లోయలోకి కొట్టుకుపోయింది. దానికి గోనెగుడ్డ చుట్టి, మైనం రాసి, మోకాళ్ళ మీద వంగి రంధ్రంలో పెట్టాడు. కప్పు గొట్టాల్లో మొదటి చినుకులు టపటపమన్నాయి. అత్తయ్య కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుంది.

"చెల్లెమ్మా, ఆ సుత్తి ఇలా అందుకో."

ఆ ఆదివారం పట్టుకెళ్ళిన సుత్తే. అందించాను. ఆయన కొట్టబోతూ ఆగి, తడిసిన కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"ఏమీ అయ్యేది కాదు. అది నీకూ తెలుసు."

"మరీ బిగించి కొట్టకు అన్నయ్యా," అన్నాను. "మళ్ళీ ఊడగొట్టాల్సింది నేనే."